కాలేజీలో ప్యాడ్లు ఉచితంగా పెడితే పట్టుకుపోతారా?

మీ ప్రశ్న ఇది: "మా కాలేజీలో అమ్మాయిలకు ప్యాడ్లు ఉచితంగా ఇద్దామనుకుంటున్నాం. ఊరికే పెడితే పట్టుకుపోతారని మేనేజ్‌మెంట్ భయం. ఎవరి దగ్గర ఉంచాలి? రాసుకుని ఇవ్వాలా? దీనివల్ల హాజరు పెరుగుతుందా?"

నేను మొదట స్కూల్లో, తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పాను. రెండు చోట్లా ఈ పని తిరిగి తిరిగి నా నెత్తినే పడింది. అందుకని జవాబు ముందే చెప్పేస్తాను. బాత్రూంలోనే పెట్టండి, ఎవరినీ అడక్కుండా తీసుకునేలా పెట్టండి, రిజిస్టరు మాత్రం వద్దు.

స్కూల్లో ఏం జరిగిందో చెబితే మీకే అర్థమవుతుంది. ప్యాడ్లు ఆఫీసు రూంలో బీరువాలో ఉండేవి. తాళంచెవి ఆఫీసు సారు దగ్గర. బీరువా పక్కనే బల్ల మీద ఒక రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను. తేదీ, పేరు, తరగతి, ఎన్ని ఇచ్చారు, సంతకం, ఆఖరున 'కారణం' అని ఒక గడి! ఆ గడి గీసిన మహానుభావులు అందులో పిల్లలు ఏం రాస్తారనుకున్నారో గానీ, రాసినవాళ్లంతా 'కడుపునొప్పి' అనే రాశారు. నెల గడిచినా పేజీలో సగం కూడా నిండలేదు. "చూశారా మేడమ్, పిల్లలకి అవసరమే లేదు" అన్నారు మీటింగులో. బాత్రూంలు కడిగే ఆయమ్మని అడిగితే వేరే లెక్క చెప్పింది. నోటుబుక్కులోంచి చింపిన కాగితాలు, చున్నీ అంచు ముక్కలు, మడిచిన కర్చీఫులు, ఇవే రోజూ ఎత్తిపోస్తున్నానంది.

అవసరం ఉంది, అడగడమే కష్టమైంది. పన్నెండేళ్ల పిల్ల ఇంటర్వెల్‌లో ఆఫీసుకెళ్లి, ఫీజు కట్టడానికొచ్చినవాళ్ల మధ్య నిలబడి, ఒక సారుని తాళం తియ్యమని అడగాలి. నేనైనా అడగను.

ఇది పేదపిల్లల సమస్యేనని చాలామంది అనుకుంటారు, అదీ పూర్తిగా నిజం కాదు. పీరియడ్స్ మొదలైన కొత్తలో, ఒకట్రెండేళ్ల పాటు, డేట్ ఒక లెక్కలో ఉండదు. ఈ వయసులో 21 రోజులకి వచ్చినా 45 రోజులకి వచ్చినా మామూలేనని డాక్టర్లే చెబుతారు. కాబట్టి ఇంట్లో నాలుగు ప్యాకెట్లున్న పిల్ల బ్యాగులో కూడా ఆ రోజుకి ఒక్కటీ ఉండకపోవచ్చు. ఇక ఒకే ప్యాకెట్‌ని అమ్మా, అక్కా, చెల్లీ సర్దుకునే ఇళ్లలో పిల్లలు ప్యాడ్ అయిపోతుందేమోనని పొద్దున పెట్టుకున్నదాన్నే సాయంత్రం దాకా లాక్కొస్తారు. ప్యాడ్‌ని నాలుగైదు గంటలకొకసారి మార్చుకోవాలి. అంటే క్లాసులున్న రోజు మధ్యలో ఒక్కసారైనా మార్చుకోవాల్సిందే. పెట్టిన ప్యాడ్లు ఈ ఇద్దరికీ పనికొస్తాయి. ఎవరు ఎవరో మనకి తెలియాల్సిన అవసరం లేదు.

కాలేజీకి వచ్చాక అమ్మాయిల బాత్రూంలో అద్దం పక్కన మూతలేని ప్లాస్టిక్ పెట్టె పెట్టించాం. మొదటి వారాల్లో పొద్దున నింపితే మధ్యాహ్నానికి ఖాళీ. మేనేజ్‌మెంట్ అనుకున్నదే జరిగిందన్నారు. నిజమే, పట్టుకుపోయారు. ఇంకేం చేస్తారు, రేపు ఉంటుందో ఉండదో తెలియనప్పుడు? ఖాళీ అయినప్పుడల్లా నింపుతూ పోయాం. ఎప్పుడు చూసినా ఉంటున్నాయని నమ్మకం కుదిరాక వాడకం తనంతట తనే ఒక స్థాయికి దిగి అక్కడే నిలబడింది. అప్పటికీ కొందరు రెండు మూడు బ్యాగులో వేసుకుని వెళ్లేవాళ్లు. వెళ్లనివ్వండి, వాళ్లకే ఎక్కువ అవసరమై ఉంటుంది. సుద్దముక్కలు కూడా పిల్లలు జేబుల్లో వేసుకుపోతారు. అలాగని ముక్కకో సంతకం పెట్టించుకునే కాలేజీని నేనైతే చూడలేదు.

బటన్ నొక్కితే ప్యాడ్ పడే మెషిన్ కొనమని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. ప్రారంభోత్సవం ఫొటోకి బాగుంటుంది. తర్వాత ప్యాడ్ ఇరుక్కుంటుంది, బాగుచేసేవాడు రాడు, తాళంచెవి కనపడదు. పెట్టె చాలు.

అడక్కుండా దొరకాలన్నది నా ఒక్కదాని పట్టుదల కాదు. స్కాట్లండ్‌లో 2018 నుంచే స్కూళ్లు, కాలేజీలు, యూనివర్సిటీల్లో ఇవి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. 2020 నవంబరులో అక్కడి పార్లమెంటు దీనికి చట్టం చేసింది, ఒక్కరు కూడా వ్యతిరేకంగా ఓటెయ్యలేదు. 2022 ఆగస్టు నుంచి అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఉచితంగా ఇవ్వాలని చెప్పి ఊరుకోలేదు ఆ చట్టం. తేలిగ్గా దొరకాలి, తీసుకునేవాళ్ల గౌరవానికి భంగం కలగకూడదు, ఒకటే రకం కాకుండా ఎంచుకునే వీలుండాలి అని కూడా రాసుకున్నారు. మీ మేనేజ్‌మెంట్‌కి ఈ మాటలు చూపించండి. టీచరు చెబితే వినని విషయం చట్టంలో ఉందంటే వింటారు.

హాజరు సంగతికొస్తే, దాన్ని మీ ప్రతిపాదనలో రాయకండి. నేపాల్‌లో ఎమిలీ ఆస్టర్, రెబెకా థార్న్‌టన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు కొంతమంది బడి పిల్లలకి మెన్‌స్ట్రువల్ కప్పులు (ప్యాడ్‌కి బదులు లోపల పెట్టుకుని, కడిగి మళ్లీ వాడుకునేవి) ఇచ్చి చూశారు. 2011లో ఆ ఫలితాలు వచ్చాయి. పీరియడ్స్ వల్ల పిల్లలు బడి మానేది అసలే చాలా తక్కువని, కప్పులిచ్చినా హాజరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని తేలింది. అన్ని చోట్లా ఇలాగే ఉండాలనేం లేదు. కానీ హాజరు పెరుగుతుందని మీరు మాటిచ్చి, అది పెరక్కపోతే, ఏడాది తిరక్కుండానే మీ పెట్టె ఎత్తేస్తారు.

నా క్లాసులో తేడా హాజరు పట్టీలో కనపడేది కాదు. అంతకుముందు డేట్ వచ్చిన పిల్ల వెనక బెంచీలో గోడవైపు జరిగి కూర్చునేది. లెక్క చెయ్యడానికి బోర్డు దగ్గరికి రమ్మంటే, ఆ లెక్క బాగా తెలిసిన పిల్ల కూడా "రాదు మేడమ్" అనేది. బెల్లు కొట్టాక అందరూ వెళ్లేదాకా ఆగి, లేచి, "ఒసే, వెనక ఏమన్నా ఉందేమో చూడవే" అని పక్కపిల్లని అడిగేది. వచ్చింది, కూర్చుంది, ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. రిజిస్టరులో మాత్రం ప్రెజెంట్.

ప్యాడ్ల కంటే ముందు చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. గడియ పడని తలుపు, నీళ్లు రాని కుళాయి ఉన్న బాత్రూంలో ఎన్ని ప్యాడ్లు పెట్టినా వాడరు. మూతున్న డస్ట్‌బిన్ ప్రతి బాత్రూం లోపలే ఉండాలి. బయట వరండాలో పెడితే, వాడినదాన్ని చేత్తో పట్టుకుని అంతదూరం ఏ పిల్లా నడవదు, కమోడ్‌లో వేసి నీళ్లు పోస్తుంది. ప్యాడ్ లోపలుండే జెల్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, పైపు మూసుకుపోతుంది, తిట్లు ఆయమ్మకి. కెన్యాలో 2017లో స్కూలు పిల్లలకి ఉచిత ప్యాడ్ల కోసం చట్టాన్ని సవరించినప్పుడు, వాడినవి సురక్షితంగా పారేసే ఏర్పాటు కూడా అందులోనే చేర్చారు. డస్ట్‌బిన్లు కొనే ముందు ఆయమ్మతో కూర్చుని మాట్లాడండి. ఎక్కడ ఎంత చెత్త వస్తుందో మీ అందరికంటే ఆవిడకే బాగా తెలుసు. చేతికి గ్లవ్స్ ఇవ్వడం, అదనపు పనికి అదనంగా డబ్బివ్వడం కూడా ఈ బడ్జెట్‌లోనే రాయండి.

ఎన్ని కావాలంటారా? ఒక అమ్మాయికి ఒక నెలకి సుమారుగా పదిహేను నుంచి ఇరవై పడతాయి. క్లాసులో ఉన్నప్పటి అవసరానికేనా, ఇంటికి కూడా ఇస్తారా అన్నది ముందు తేల్చుకోండి, ఖర్చు మొత్తం దానిమీదే ఆధారపడి ఉంటుంది. మామూలు సైజుతో పాటు పెద్దవి కూడా తెప్పించండి. స్టాకంతా బాత్రూంలో పెట్టకండి, చెమ్మ పడుతుంది. పెట్టె మీద ఒక కాగితం అంటించి, ఖాళీ అయితే ఎవరికి చెప్పాలో రాయండి. అది ఒక మేడమ్ పేరైతే మంచిది. మీ ఆవరణలోనే స్కూలు కూడా ఉంటే నాలుగు, ఐదు తరగతుల బాత్రూం మర్చిపోకండి, తొమ్మిది పదేళ్లకే మొదలయ్యే పిల్లలుంటారు.

పెద్ద సెలవులు దగ్గర పడుతున్నప్పుడు పెట్టె మామూలు కంటే త్వరగా ఖాళీ అవుతుంది. ఎందుకో మేనేజ్‌మెంట్‌కి ముందే చెప్పి, ఆ వారానికి ఎక్కువ స్టాకు తెప్పించి పెట్టుకోండి.