ఎండ 41 డిగ్రీలు అనవచ్చా?

సందేహం: మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా బడి ఆవరణలో పిల్లల కోసం కొన్ని వాతావరణ పరికరాలు పెట్టించాం. రోజూ వచ్చిన అంకెలను బోర్డు మీద ఒడియాలో, కింద తెలుగులో రాయిస్తున్నాను. మొన్న ఒక అమ్మాయి "ఇవాళ ఎండ 41 డిగ్రీలు" అని రాసింది. పక్కనే ఉన్న అబ్బాయి "థర్మామీటరు నీడలో ఉంది కదా టీచర్, అది ఎండ ఎలా అవుతుంది?" అన్నాడు. నేనేం చెప్పాలి? ఇంకో సంగతి. ఒడియా వాతావరణ వార్తల్లో లఘుచాప, అవపాత, బాత్యా అంటారు. మేమూ ఇళ్ళల్లో "లఘుచాపం పట్టింది" అనేస్తున్నాం. ఇది తెలుగేనా? పరికరాల పేర్లు ఒక పుస్తకంలో మాపకం అని, ఇంకో దాంట్లో మాపిని అని, మరోచోట మితి అని ఉన్నాయి. ఏది రాయించాలి? చివరగా, తుఫానా, తుపానా? – ఒక ఉపాధ్యాయిని

సమాధానం: ముందు ఆ అబ్బాయిని మెచ్చుకోండి. వాడు అన్నది నిజం. గాలి ఉష్ణోగ్రతను ఎప్పుడూ నీడలోనే కొలుస్తారు. వాతావరణ కేంద్రాల్లో కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె ఒకటి ఉంటుంది. 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్సన్ అనే స్కాట్లండ్ ఇంజినీరు దాన్ని రూపొందించాడు కాబట్టి స్టీవెన్సన్ పెట్టె అంటారు. నాలుగు పక్కలా ఏటవాలుగా అమర్చిన చెక్కరెక్కలు ఉంటాయి. గాలి ఆడుతుంది కానీ ఎండ లోపలికి పడదు. మన దేశంలో తలుపు ఉత్తరం వైపు పెడతారు, అంకె చూడటానికి తీసినప్పుడు కూడా ఎండ తగలకూడదని. థర్మామీటరును ఎండలో పెడితే అది గాలి వేడిని చెప్పదు, తాను ఎంత కాగిపోయిందో చెబుతుంది.

మరి ఆ అమ్మాయి రాసింది తప్పా? నోటిమాటగా అయితే తప్పు కాదంటాను. తెలుగులో ఎండ అంటే సూర్యుడి వెలుగు ఒక్కటే కాదు. "ఎండ కాస్తోంది", "నీరెండ" అన్నప్పుడు వెలుగు. "ఎండాకాలం", "ఈ ఏడు ఎండలు ముదిరాయి" అన్నప్పుడు ఆ రోజుల వేడి మొత్తం. వెలుగు నుంచి వేడికి, వేడి నుంచి కాలానికి ఆ మాట తనంతట తానే విస్తరించింది. మీ పక్కనున్న ఒడియాలోనూ ఇదే జరిగింది: ఖరా అంటే ఎండ, ఖరాదిన అంటే ఎండాకాలం. కాబట్టి "ఎండ నలభై దాటేసింది" అని జనం అంటే దాన్ని దిద్దనక్కర్లేదు.

బోర్డు సంగతి వేరు. అక్కడ రాసేది పరికరం చెప్పిన మాట. వాతావరణం గురించి మనం వాడే మాటల్లో ఒంటికి తెలిసేవి కొన్ని, పరికరం చెప్పేవి కొన్ని. ఎండ, చలి, ఉక్క, కుండపోత, ఈదురుగాలి ఒంటికి తెలిసేవి. ఉష్ణోగ్రత, ఆర్ద్రత, వర్షపాతం, పీడనం పరికరం చెప్పేవి. రెండూ మనకు కావాలి. ఒకటి గొప్ప, ఇంకొకటి తక్కువ అనే ఆలోచన పిల్లలకు రానివ్వకండి. కాకపోతే ఒకదాని పని ఇంకొకదానికి అప్పగిస్తే అర్థం చెడుతుంది. బోర్డు మీద "గరిష్ఠ ఉష్ణోగ్రత 41 డిగ్రీలు" అని రాయించండి. దాని పక్కనే "ఎండ మండిపోయింది" అని ఆ అమ్మాయి చేతే రాయించండి.

అర్థం ఎలా చెడుతుందో చలి విషయంలో బాగా కనబడుతుంది. కోరాపుట్ కొండల్లో చలి ముదిరిన రోజుల్లో "చలి 8 డిగ్రీలకు పడిపోయింది" అని రాసేవాళ్ళున్నారు. చలి పడిపోతే వెచ్చబడాలి కదా! పడిపోయింది ఉష్ణోగ్రత, పెరిగింది చలి. అలాగే "వేడి ఉష్ణోగ్రతలు", "చల్లని ఉష్ణోగ్రతలు" అని రాయడం కూడా సరికాదు. ఉష్ణ, ఉగ్రత కలిసి ఉష్ణోగ్రత అయింది, అంటే వేడి తీవ్రత. అది ఒక కొలత. ఎక్కువ ఉంటుంది, తక్కువ ఉంటుంది, పెరుగుతుంది, తగ్గుతుంది. దానికి వేడీ చల్లదనం అంటగట్టలేం.

ఇదే వరుసలో వడగాలి కూడా ఉంది. మాటలో గాలి ఉంది గానీ, వాతావరణ శాఖ వడగాలులు అని ప్రకటించేది గాలిని చూసి కాదు. మైదానాల్లో అయితే గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండాలి, అది ఆ రోజుల్లో ఉండాల్సిన దానికన్నా కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువై ఉండాలి, లేదంటే 45 డిగ్రీలకు చేరాలి. ఆకు కదలని రోజున కూడా వడగాలుల హెచ్చరిక వస్తుందంటే ఇందుకే. వడదెబ్బకు ఒడియాలో అంశుఘాత అంటారు. మన మాటలో దెబ్బ వడది, వాళ్ళ మాటలో సూర్యకిరణానిది.

గరిష్ఠ, కనిష్ఠ అన్నచోట ఠ ఒత్తు పడాలి. గరిష్ట, కనిష్ట అని అచ్చులో కూడా వచ్చేస్తోంది. శ్రేష్ఠ, జ్యేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ ఒక కుదురు మాటలు. ఇష్టం, కష్టం, దుష్టుడు ఇంకో కుదురు. పిల్లలకు ఈ రెండు వరుసలూ పక్కపక్కన రాసి చూపిస్తే మళ్ళీ తప్పు రాయరు.

ఇక ఉక్క. మీ ప్రాంతంలో జూన్ నాటికి మబ్బు పడుతుంది, వాన పడదు. థర్మామీటరు చూస్తే 34 అంటుంది, ఒళ్ళేమో మే నెలకన్నా అవస్థ పడుతుంది. ఒడియాలో గుళుగుళి అంటారు, మనం ఉక్కపోస్తోంది అంటాం. పిల్లలు "అంకె తగ్గింది కదా, మరి ఇంత ఉక్క ఎందుకు?" అని అడిగితే జంట థర్మామీటర్ల దగ్గరికి తీసుకెళ్ళండి. ఒకటి మామూలుది. రెండోదాని బల్బుకు పల్చటి మల్లుగుడ్డ చుట్టి, దాని వత్తి చివర చిన్న నీళ్ళగిన్నెలో వేలాడుతుంటుంది. గుడ్డలోని తడి ఆరుతూ బల్బును చల్లబరుస్తుంది కాబట్టి తడి బల్బు అంకె పొడి బల్బు కన్నా తక్కువ చూపుతుంది. గాలి పొడిగా ఉన్న ఏప్రిల్ మధ్యాహ్నం రెండింటి మధ్య తేడా చాలా ఉంటుంది. ఉక్క రోజున రెండూ దగ్గర దగ్గరగా నిలబడతాయి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంది, గుడ్డ తడి ఆరదు, ఒంటి చెమటా ఆరదు. ఆ తేడా నుంచి పట్టిక చూసి లెక్కించేదే సాపేక్ష ఆర్ద్రత. ఉక్క అనే మన పాతమాట పట్టుకున్నది సరిగ్గా దీన్నే: వేడిని కాదు, ఆరని చెమటని. అందుకే "ఉష్ణోగ్రత పెరిగి ఉక్కపోస్తోంది" అని రాయడం కన్నా "గాలిలో తేమ పెరిగి ఉక్కపోస్తోంది" అనడం నిజానికి దగ్గర. ఆ వత్తిని శుభ్రంగా, ఎప్పుడూ తడిగా ఉంచమని మీ పిల్లలకు చెప్పండి. అది ఎండిపోతే రెండు థర్మామీటర్లూ ఒకే అంకె చూపిస్తాయి, బోర్డు మీద నూటికి నూరు శాతం తేమ అని రాసేస్తారు!

వాన దగ్గర చిక్కు తక్కువ. నీళ్ళను లీటర్లలో కొలుస్తాం, వానను మిల్లీమీటర్లలో ఎందుకు అని పిల్లలు అడగవచ్చు. పడిన నీరు ఎక్కడికీ పోకుండా, ఇంకకుండా నేలంతా సమంగా నిలిస్తే ఎంత లోతు ఉంటుందో ఆ లెక్క అది. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేలకు ఒక లీటరు. ఈ కొలత మనకు కొత్త కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ధాన్యాగారం దగ్గర మూరెడు మూతి ఉన్న కుండను వర్షమానంగా పెట్టమని ఉంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో వానను ఆఢకాలు, ద్రోణాలు అనే పాత కొలతల లెక్కన చెప్పాడు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన మాట భారీ. వాతావరణ శాఖ భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. అతి భారీ అంటే 115.6 నుంచి 204.4. ఆ పైన అత్యంత భారీ. రోజు లెక్క అర్ధరాత్రి నుంచి కాదు, ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు. కాబట్టి అరగంట పాటు దంచి కొట్టిన వానను బోర్డు మీద భారీ వర్షం అనకండి. దానికి మనకు ఎన్ని మాటలున్నాయి! చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుండపోత. అదే 20 మిల్లీమీటర్లు రోజంతా ముసురుగా పడితే దుక్కి పదునవుతుంది, పావుగంటలో కుండపోతగా పడితే వాగులో కలుస్తుంది. వర్షమాపకానికి రెండూ ఒకటే. ఆ తేడా చెప్పగలిగేది ముసురు, కుండపోత అనే మాటలే. అందుకే అంకె పక్కన వాన పడిన తీరు కూడా రాయించమంటాను.

ఇప్పుడు లఘుచాపం. ఒడియాలో, బెంగాలీలో చాప్ అంటే ఒత్తిడి. తెలుగులో చాప మనం పరుచుకునేది, చాపం అంటే విల్లు. ఇంద్రచాపం అంటే హరివిల్లు అని పిల్లలు పద్యాల్లో చదువుకుంటారు. కనుక లఘుచాపం అని తెలుగులో రాస్తే శ్రీకాకుళం దాటాక చదివేవాడికి చిన్న విల్లు తప్ప మరేమీ తోచదు. మాటల్లో వస్తే రానివ్వండి. రెండు భాషల మధ్య బతికే ఊళ్ళో అది సహజం, అందులో తప్పు పట్టాల్సింది లేదు. రాతలో మాత్రం అల్పపీడనం అనే రాయించండి. లఘుచాపకు అల్పపీడనం, అవపాతకు వాయుగుండం, బాత్యాకు తుపాను సరిపోతాయి.

వాయుగుండం గురించి కాస్త చెప్పుకోవాలి, ఎంతో చక్కని మాట అది. అవపాత అంటే పడిపోవడం, ఆ మాట పీడనాన్ని చూసింది. మనవాళ్ళు గాలి తిరుగుడును చూశారు. ఏట్లో సుడిగుండం ఉన్నట్టే గాలిలో వాయుగుండం. మధ్యలో పీడనం తగ్గినచోటికి చుట్టూ ఉన్న గాలి తిన్నగా రాదు, భూభ్రమణం వల్ల పక్కకు వంగి సుడి తిరుగుతుంది. మన అర్ధగోళంలో గడియారం ముల్లుకు ఎదురు దిశలో. గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమచేతి వైపున ఉంటుందని డచ్చి శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో చెప్పాడు. ముసురు రోజున పిల్లల్ని మైదానంలో అలా నిలబెట్టి, ఎడమచేయి చాపించి, బంగాళాఖాతంలో వాయుగుండం ఎటుందో వార్తలతో సరిచూడమనండి. చుట్టూ కొండలున్నచోట గాలి దారి మళ్ళుతుంది కాబట్టి ఆరుబయట నిలబడాలి.

అల్పపీడనానికి ఫలానా అంకె అని లేదు. చుట్టుపక్కల కన్నా తక్కువ ఉంటే చాలు. సముద్రమట్టం దగ్గర సగటు పీడనం సుమారు 1013 హెక్టోపాస్కళ్ళు. పాత పుస్తకాల్లోని మిల్లీబారు కూడా అదే కొలత. అల్పపీడనం నుంచి పైమెట్లకు పేర్లు గాలి వేగాన్ని బట్టి వస్తాయి. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం, 50 నుంచి 61 అయితే తీవ్ర వాయుగుండం, 62 చేరితే తుపాను. అంటే "తుపాను బలహీనపడి వాయుగుండంగా మారింది" అన్న వాక్యం గాలి గురించి చెబుతోంది, వాన గురించి కాదు. మీ జిల్లావాళ్ళకు ఇది నేను చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తీరం దాటాక బలహీనపడింది కూడా. అయినా గజపతి కొండల్లో వాన ముంచెత్తి, కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. బలహీనపడింది అనే మాట విని గొడుగు మూసెయ్యకూడదని పిల్లలకు ఇప్పుడే తెలియాలి.

పరికరాల పేర్లకు ఒక పద్ధతి పెట్టుకోండి. కొలిచేదానికి మాపకం: వర్షమాపకం, ఆర్ద్రతామాపకం, వాయువేగమాపకం. దిక్కు చూపేదానికి సూచిక: పవన సూచిక. తనంతట తాను గీత గీసి నమోదు చేసేదానికి లేఖిని. చూడటానికి పనికొచ్చేదానికి దర్శిని, దూరదర్శిని లాగా. మాపిని కూడా వ్యాకరణం ప్రకారం సరైనదే గానీ మాపకం ఎక్కువమందికి తెలుసు. మితి ఒక్కటీ నాకు నచ్చదు. గాలి భారాన్ని కొలిచేది కాబట్టి బారోమీటరుకు భారమితి అని పేరు పెట్టారు, బాగానే ఉంది. కానీ త్రికోణమితి అన్నప్పుడు మితి ఒక శాస్త్రం, ఇక్కడ పరికరం. పిల్లలు తికమకపడతారు. వాయుపీడన మాపకం అనండి, లేదా బారోమీటరు అనే రాయండి. థర్మామీటరునయితే అసలు మార్చకండి. అది ప్రతి ఇంట్లో ఉన్న తెలుగుమాట. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మీది. జనం నోట నలిగిన మాటను రాతలోంచి తోసెయ్యకూడదని వాదించినవారాయన.

పవన సూచిక గురించి ఒక్క మాట. దాని బాణం గాలి వచ్చే దిక్కును చూపుతుంది, పోయే దిక్కును కాదు. తెలుగు నానుడీ అదే: తూర్పుగాలి అంటే తూర్పు నుంచి వచ్చేది, నైరుతి రుతుపవనం అంటే నైరుతి నుంచి వచ్చేది. బాణం ఈశాన్యం వైపు ఉంటే "ఈశాన్యపు గాలి" అని రాయాలి, "ఈశాన్యానికి వీస్తున్న గాలి" అని కాదు.

తుఫాను, తుపాను రెండూ వాడుకలో ఉన్నవే. అరబ్బీ, పారశీకాల మీదుగా వచ్చిన తూఫాన్ అది. మూలంలో ఫ ఉంది కనుక తుఫాను రాసినా సరే, తెలుగు నోటికి ప దగ్గర కనుక పత్రికలు తుపాను అని రాసినా సరే. నేను తుపాను రాస్తాను. మీరు ఏది ఎంచుకున్నా బోర్డు మీద ఏడాది పొడుగునా అదే ఉంచండి.