మొంబాసా వెళ్తున్నాం, ఎల్లో ఫీవర్ టీకా వేసుకోవాల్సిందేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కాకినాడ. మా అబ్బాయి కెన్యాలోని మొంబాసాలో ఉద్యోగం చేస్తున్నాడు. డిసెంబర్‌లో 5 వారాలు ఉండేలా నేను (63), మా ఆవిడ (57), మా అమ్మాయి, మనవరాలు (5) వెళ్తున్నాం. నాకు 15 ఏళ్లుగా షుగర్ ఉంది, ఇన్సులిన్ వాడుతున్నా. మా ఆవిడకి బీపీ. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి అంటున్నారు, దుబాయ్ మీదుగా వస్తే అడగరని ఇంకొకరు అంటున్నారు. మలేరియా మాత్రలు కూడా వేసుకోవాలా? చిన్నప్పుడు నాకు రెండుసార్లు మలేరియా వచ్చి తగ్గింది కూడా.

జవాబు: ముందు ఆ దుబాయ్ మాట నమ్మకండి సార్. మీరు ఏ దారిలో వచ్చారని కాదు, గత 6 రోజుల్లో కెన్యాలో ఉన్నారా లేదా అనేదే మన ఎయిర్‌పోర్ట్‌లో చూస్తారు, ఉండి టీకా వేసుకున్నట్టు కార్డు లేకపోతే 6 రోజుల వరకు క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకి ఉంది. నిజానికి మొంబాసా సిటీలో ఎల్లో ఫీవర్ భయం చాలా తక్కువ, కానీ మన దేశంలో ఆ వైరస్ లేదు, దాన్ని మోసే ఏడిస్ దోమ మాత్రం వీధి వీధికీ ఉంది, అందుకే మనవాళ్లు ఇంత గట్టిగా ఉంటారు. ఈ జాగ్రత్త అతి అనిపిస్తే చికెన్‌గున్యా గుర్తు తెచ్చుకోండి, 2004లో అదే కెన్యా తీరంలో లాము, మొంబాసాల్లో మొదలై హిందూ మహాసముద్రం దీవుల మీదుగా మనదాకా వచ్చింది, 2006లో మన ఊళ్లలో ఇంటింటా కీళ్లు పట్టేసి మంచాలు దిగలేకపోయిన రోజులు మీరూ చూసే ఉంటారు.

ఇంకో మాట, ఎల్లో ఫీవర్ అంటే మన పచ్చకామెర్లు కాదు. కామెర్లకి వేసే పసరు మందులు దీనికి పనికొస్తాయని ఎవరైనా చెప్తే వినొద్దు.

టీకా ఒక్క డోసు, జీవితాంతం చెల్లుతుంది, కాకపోతే వేసుకున్న 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుబాటు అవుతుంది కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. మీకు దగ్గర విశాఖ పోర్ట్ హెల్త్ ఆఫీస్, లేదంటే హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), ముందే ఫోన్ చేసి ఏ రోజుల్లో వేస్తారో కనుక్కొని పాస్‌పోర్ట్ తీసుకుని వెళ్లండి. మీ అమ్మాయికి, మనవరాలికి, మీ ఆవిడకి మామూలుగా ఇబ్బంది ఉండదు, గుడ్డు తింటే తీవ్రమైన ఎలర్జీ వచ్చేవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు మాత్రం ముందే చెప్పాలి. పాపకి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) లాంటి వేరే లైవ్ టీకా, అంటే బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసేది, ఏదైనా ఈ మధ్య వేయించి ఉంటే 4 వారాలు గ్యాప్ కావాలి.

మీ విషయమే కొంచెం ఆలోచించాలి. షుగర్ ఉన్నంత మాత్రాన ఈ టీకా వేయకూడదని లేదు, కానీ 60 దాటాక మొదటిసారి వేసుకునేవాళ్లలో తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్, చాలా అరుదే అయినా, చిన్నవాళ్ల కంటే ఎక్కువ. అందుకని లైన్లో నిలబడి వేయించుకోకుండా ముందు మీ ఫిజీషియన్‌కి రిపోర్ట్‌లన్నీ చూపించండి. వద్దు అని ఆయన అంటే మెడికల్ మినహాయింపు సర్టిఫికెట్ తీసుకోవచ్చు, అయితే అది ఉన్నా తిరిగొచ్చాక క్వారంటైన్ చేసే అవకాశం ఉందని తెలిసే ప్రయాణం కట్టండి.

ఇప్పుడు అసలు సంగతి మలేరియా, నాకు మీ విషయంలో ఎక్కువ భయం దీని గురించే. మొంబాసా, డయాని బీచ్, త్సావో సఫారీ, ఎటు తిరిగినా అక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపేరం రకం, పాత మలేరియా మందు క్లోరోక్విన్‌కి లొంగదు, మెదడుకి కిడ్నీలకి ఎక్కి ప్రాణం తీసేది అదే. చిన్నప్పుడు వచ్చిన మలేరియా ఇప్పుడు మిమ్మల్ని కాపాడదు సార్, ఆ శక్తి ఎప్పుడో పోయి ఉంటుంది. పెద్దవాళ్లకి సాధారణంగా డాక్సీసైక్లిన్ 100 ఎంజీ రోజూ ఒకటి, బయల్దేరడానికి 2 రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక 4 వారాల దాకా ఆపకుండా. అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంట పడుకోకూడదు, ఆవిడ కాల్షియం మాత్ర వాడుతుంటే రెండూ కలిపి వేసుకోవద్దు, ఎండకి చర్మం కమిలిపోతుంది కాబట్టి బీచ్‌లో టోపీ, ఫుల్ హ్యాండ్స్. 8 ఏళ్ల లోపు పిల్లలకి డాక్సీ ఇవ్వం, పాపకి అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ గానీ మెఫ్లోక్విన్ గానీ బరువును బట్టి పిల్లల డాక్టరే రాయాలి, అవి అన్ని మెడికల్ షాపుల్లో ఉండవు కాబట్టి ఇప్పుడే అడగండి. మాత్ర వేసుకున్నాం కదా అని దోమతెర మానొద్దు. మలేరియా దోమ రాత్రి కుడుతుంది, డెంగీ దోమ పగలు, రెండూ అక్కడ ఉన్నాయి.

ఇన్సులిన్ చేతి బ్యాగులో పెట్టండి, కింద లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు. అక్కడి టైం మనకంటే రెండున్నర గంటలే వెనక, డోసులకి పెద్ద చిక్కు రాదు. మధ్యాహ్నం ఇసుక మీద చెప్పులు లేకుండా నడవొద్దు, షుగర్ వల్ల కాళ్లు తిమ్మిరెక్కినవాళ్లకి కాలినా తెలీదు, నీళ్లలో రాళ్ల మధ్య ముళ్ల సీ అర్చిన్‌లు కూడా ఉంటాయి, రబ్బరు బూట్లు వేసుకునే దిగండి. మొంబాసాలోని పాత కోట ఫోర్ట్ జీసస్ చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరితే తట్టుకోలేరు. కొబ్బరిబోండాలు అక్కడ మడాఫు అంటారు, హాయిగా ఉంటుంది కానీ షుగర్ చూసుకుంటూ తాగండి. డయానిలో కోతులు చేతిలో తిండి లాక్కుంటాయి, పాపని వాటికి పెట్టనివ్వకండి, కరిచినా గీరినా 15 నిమిషాలు సబ్బుతో కడిగి ఆ రోజే రేబిస్ టీకాకి వెళ్లాలి.

నా దగ్గరికి ఒకాయన వచ్చారు, అటువైపే పని చేసి ఇంటికొచ్చారు, విమానం దిగగానే మాత్రలు ఆపేశారు, 12వ రోజు జ్వరం వస్తే దగ్గర్లోనే ఎవరో వైరల్ అని నాలుగు రోజులు ఇంజెక్షన్లు పొడిచారు, నా దగ్గరికి చేరేసరికి కళ్లు పచ్చగా, యూరిన్ ఆగిపోయి, డయాలసిస్ మీద పెట్టాల్సి వచ్చింది. బతికారు గానీ మూడు వారాలు ఐసీయూలో ఉన్నారు. ఆఫ్రికా నుంచి వచ్చానని మొదటి రోజే ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. అందుకే చెప్తున్నా, అక్కడికెళ్లిన ఏడో రోజు నుంచి తిరిగొచ్చాక మూడు నెలల దాకా మీ నలుగురిలో ఎవరికి జ్వరం వచ్చినా అదే రోజు మలేరియా టెస్ట్ చేయించండి, నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించండి, డెంగీ కాదని తేలేదాకా నొప్పులకి డైక్లోఫెనాక్, బ్రూఫెన్ వద్దు, పారాసిటమాల్ చాలు. కాకినాడలో ఏ డాక్టర్ దగ్గర కూర్చున్నా నోరు తెరవగానే మొంబాసా నుంచి వచ్చామని చెప్పండి.