బొమ్మల షాపు పేరుతో డబ్బు పోయిందంటే

చి.ల.సౌ. అమ్మాయికి,

బెంగళూరు మల్లేశ్వరం నుంచి మీ పెదనాన్న ఆశీస్సులు. రాత్రి ఫోన్లో నీ కంగారు విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. ఇంట్లో చిన్నపిల్లలే లేరు, స్టేట్‌మెంట్‌లో ఏదో బొమ్మల షాపుకి 2,360 రూపాయలు కట్టినట్టు ఉంది, ఇదెవరి పని అనే కదా నీ టెన్షన్. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో ఇలాంటి కాగితాలే చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

స్టేట్‌మెంట్‌లో పడేది చాలాసార్లు బోర్డు మీద పేరు కాదు. కార్డు మెషీనో ఆన్‌లైన్ ఖాతానో ఎవరి పేరున ఉందో ఆ పేరు పడుతుంది. పిల్లల సామాన్లమ్మే షాపుని మనం ఫస్ట్‌క్రై అంటాం, దాని వెనకున్న కంపెనీ బ్రెయిన్‌బీస్ సొల్యూషన్స్, ఉండేది పుణెలో. ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో కూర్చుని కొన్నా వేరే ఊరి పేరు కనబడొచ్చు. తేదీ కూడా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ ఉంటుంది.

నాకే ఒకసారి ఎవరో మనిషి పేరుతో 640 రూపాయలు పోయినట్టు కనబడింది. మా ఇంట్లో పనిచేసే అమ్మాయిని అడగబోయి, నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. మర్నాడు మీ పెద్దమ్మ ప్రయాణం సంచీ దులుపుతుంటే ఎర్ర లక్క బొంగరం ఒకటి దొర్లింది. దానికి చుట్టిన స్లిప్ మీద సిరా సగం వెలిసిపోయినా పైన అదే పేరు. మైసూరు దారిలో చన్నపట్నం దగ్గర ఆగి, మన ఏటికొప్పాక బొమ్మల్లాంటివి మనవడికి కొన్నాం. ఆ పేరు షాపు ఓనరుది. ఆ పిల్లని అడిగుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే నువ్వూ ఎవరినీ అనుమానించకు.

ముందు మెయిల్‌లో షాపు పేరుతో కాకుండా అంకెతో వెతుకు. 2360 అని ఒకసారి, 2,360 అని ఒకసారి. బ్యాంకు ఎస్సెమ్మెస్‌లో టైము, కార్డు చివరి నాలుగు అంకెలు చూడు. అల్లుడి దగ్గర నీ కార్డుకి జతగా ఇచ్చే యాడ్-ఆన్ కార్డు ఉంటే అతన్నీ మామూలుగా అడుగు. ఈ మధ్య బారసాలకో పుట్టినరోజుకో ఎవరికైనా ఏమైనా పంపారా? 5,000 లోపు అయితే పిన్ లేకుండా కార్డు తాకిస్తే చాలు, అలాంటివి తొందరగా మరిచిపోతాం.

ఈ వెతుకులాట ఈ సాయంత్రం వరకే. తేలకపోతే రాత్రికే బ్యాంకుకి చెప్పు. 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కాక బయటివాళ్లదైతే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకి నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే కొంత మన మీద పడుతుంది. అది దాటితే బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. ఓటీపీ మనమే ఎవరికైనా చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మనదే. నీకు ఎస్సెమ్మెస్ ఎప్పుడొచ్చిందో చూసుకో, లెక్క అక్కడి నుంచే. మొత్తం చిన్నదని వదిలేయకు. దొంగలు ముందు చిన్న మొత్తంతో కార్డు పనిచేస్తుందో లేదో చూస్తారు.

కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు తల్లీ, అక్కడ దొంగ నంబర్లు ఉంటాయి. కార్డు వెనక ముద్రించినదానికే చెయ్యి. ముందు కార్డు బ్లాక్ చేయించి, ఆ తర్వాత ఈ లావాదేవీ నాది కాదని కంప్లైంట్ ఇచ్చి నంబరు తీసుకో. మోసమని తేలితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పు. బ్యాంకు ముప్ఫై రోజుల్లో జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్దాం, ఆ కాగితాలు నేను రాసిపెడతాను.

కంప్లైంట్ నంబరు రాగానే నాకు వాట్సాప్‌లో పెట్టు. ఆదివారం ఇద్దరూ భోజనానికి రండి, వచ్చేటప్పుడు మూడు నెలల స్టేట్‌మెంట్లు తెచ్చుకో, కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న