నాలుగో పేజీ గురించి

నాయనా,

నీ కథ నిన్న మధ్యాహ్నం చదివాను. నాలుగో పేజీ దగ్గర ఆగిపోయి, కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. ఇరవై ఎనిమిదో వారంలో పుట్టిన బిడ్డ, మూడో రోజు, వెంటిలేటర్ మీద ఉంది. తల్లి అద్దంలోంచి చూడగానే ఆ బిడ్డ కెవ్వుమందనీ, చెంపల మీద కన్నీళ్లు జారాయనీ రాశావు. ఎలా కెవ్వుమంటుంది నాయనా? వెంటిలేటర్ నుంచి ఊపిరి అందించే గొట్టం స్వరతంతువుల మధ్య నుంచే లోపలికి వెళుతుంది. మొహం కందిపోతుంది, నోరు తెరుచుకుంటుంది, నుదురు ముడుచుకుంటుంది. చప్పుడు మాత్రం రాదు. కన్నీళ్లంటావా, నెలలు నిండిన పిల్లలకే మొదటి రోజుల్లో జారేంత రావు. చప్పుడు లేని ఆ ఏడుపు ఒక్కసారి చూసి ఉంటే ఆ పేజీలో మిగతా వాక్యాలేవీ నీకు అక్కర్లేకపోయేవి.

ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలకే కష్టమని అమ్మమ్మ చేత అనిపించావు. బాగుంది. మన ఇళ్లలో అచ్చం అలాగే అంటారు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమేనని డాక్టర్లు ఎంత చెప్పినా, ఆ మాట పట్టుకునే రాత్రంతా కూర్చుంటారు.

కానీ గుండె బరువు, చీకటి ఆకాశం, రాలిన మొగ్గ... వీటితో నాకు నలభై ఏళ్లుగా పడదు. చేతులు ఏం చేస్తున్నాయో రాయి. అంకెలు రాయి. ఆ గదిలో దుఃఖాన్ని గ్రాముల్లో తూస్తారు. 1991లో నా కూతురు 1,180 గ్రాములతో పుట్టింది. అయిదో రోజుకి 1,060. మొదట్లో బరువు తగ్గడం మామూలేనని నాకెవరూ చెప్పలేదు. పోయిన ఆ 120 గ్రాములు ఎక్కడికి పోయాయా అని వరండాలో కూర్చుని లెక్కపెట్టుకున్నాను.

ఉగ్గుగిన్నెలోకి పాలు పిండి ఇచ్చేదాన్ని. బిడ్డ ముక్కులోంచి పొట్టలోకి వేసిన సన్నని గొట్టానికి నర్సు సిరంజి తగిలించి, పైకెత్తి పట్టుకునేది. రెండే మిల్లీలీటర్లు. నొక్కకూడదు, వాటంతట అవే దిగాలి. ఒకరోజు ఆ సిరంజి నా చేతికిచ్చింది. పాలు కదల్లేదు. చెయ్యి ఇంకొంచెం ఎత్తాను. చిన్న బుడగ పైకొచ్చింది, తర్వాత తెల్లటి గీత ఒకటి మెల్లగా కిందికి జారింది. నా బిడ్డకి నేను పట్టిన మొదటి పాలు అవి.

అదే కథగా రాసి ఒక వారపత్రికకు పంపితే, సిరంజిల గొడవ ఎందుకండీ, మాతృహృదయం రాయండని తిప్పి పంపారు. ఇంకో పత్రిక వేసుకుంది, సిరంజి పేరా మొత్తం కోసేసి, చివర నేను రాయని జోలపాట తగిలించి. ఆ సంచిక ఈరోజుకీ నా ఇంట్లో లేదు. నా హృదయమంతా వాళ్లు కోసేసిన పేరాలోనే ఉంది.

ఇంకోటి. తల్లిని పది రోజులూ అద్దం బయటే నిలబెట్టావు. అది నా కాలం నాటి మాట. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టర్, ఇంక్యుబేటర్లు చాలక, బరువు తక్కువ పిల్లల్ని తల్లుల గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా ఉంచడం మొదలుపెట్టాడు. కంగారూ మదర్ కేర్ అంటే అదే. వీలైనంత త్వరగా, పుట్టిన వెంటనే మొదలుపెట్టమని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. వెంటిలేటర్ తీశాక నీ బిడ్డనీ అలా పడుకోబెట్టు. ఆ పిల్లలు మధ్యమధ్య ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు, మెదడు ఇంకా అంత ఎదగదు. మానిటర్ మోగుతుంది. నర్సు వచ్చి అరికాలి మీద వేలితో తడుతుంది. ఛాతీ మళ్లీ లేస్తుంది. తల్లి గుండె మీద ఉన్నప్పుడే అలా జరిగితే, నర్సు వచ్చేలోగా తల్లి వేలు ఎటు వెళ్లిందో రాయి.

పోటీ గురించీ, కథ పేరు గురించీ అడిగావు. ముందు మీ జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగం, అదే ఎస్ఎన్‌సీయూ బయట ఒక పూట కూర్చో. లోపలి నుంచి పేరు పిలిచినప్పుడు తండ్రుల చేతుల్లో ఏముందో చూడు. తర్వాత నాలుగో పేజీ ఒక్కటే మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి