సీడీ ఫైల్ రాలేదని ఊరుకోకు, శిరీషా

చి. శిరీషకి,

ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) లిస్టులో నీ పేరు ఉందని మీ నాన్న ఫోన్ చేసినప్పుడు నాకు నోట మాట రాలేదు. మన ఇంటి పిల్ల నల్ల కోటు వేసుకుని ప్రభుత్వం తరఫున నిలబడుతుందంటే గర్వంగా ఉండదా! బెంచి క్లర్కుగా ఉద్యోగమంతా ఏపీపీల ఎదురుగానే కూర్చున్నాను కాబట్టి బెంగ కూడా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

వచ్చిన ప్రతి కేసులో శిక్ష వేయిస్తానని అన్నావట. ఆ మాట ఇంకోసారి అనకు తల్లీ. పోలీసులే కోర్టులో కేసు నడిపించే రోజులు పోయాయి. ప్రాసిక్యూషన్‌ను పోలీసు శాఖ నుంచి వేరు చేయాల్సిందేనని 1995లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. నువ్వు ఎస్పీ కింద మనిషివి కాదు. సాక్ష్యం లేకపోతే లేదని ఎస్సై ముఖం మీదే చెప్పగలగాలి. అలాగని స్టేషన్‌తో తగువు పెట్టుకోకు, రేపు సాక్షిని పిలిపించాల్సింది వాళ్లే.

మామూలు పనులు నీకు తెలుసు. ఛార్జిషీటు కోర్టుకు రాకముందే చదువు. వూండ్ సర్టిఫికెట్ (గాయాలపై డాక్టర్ ఇచ్చేది), ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు, మధ్యవర్తుల నివేదిక (పంచనామా) ఉన్నాయో లేదో చూడు. ఛార్జిషీటు వేయడానికి ఉన్న 60 రోజులు, 90 రోజుల గడువులు డైరీలో రాసుకో. సాక్షికి బత్తా ఇప్పించు, కూర్చోమను. కోర్టు కానిస్టేబుల్‌ని గౌరవంగా పలకరించు. స్టేషన్‌కీ కోర్టుకీ మధ్య రోజూ తిరిగేది అతనే.

నా భయం వేరే. నేను పనిచేసిన ఒక చిన్న ఊరి కోర్టులో లారీ క్లీనర్ ఒకడు బ్యాటరీల దొంగతనం కేసులో రిమాండుకి వెళ్లాడు. బెయిల్ పిటిషన్ వేశారు. వాయిదా రోజు ఏపీపీ లేచి, సీడీ ఫైల్ (పోలీసులు దర్యాప్తు వివరాలు రాసే కేసు డైరీ) రాలేదు, టైమ్ కావాలన్నారు. స్టేషన్‌లో అడిగితే ఎస్సై తిరునాళ్ల బందోబస్తులో ఉన్నారన్నారు. తర్వాతి వాయిదాకీ అదే మాట. వాడి తల్లి వరండాలో కూర్చునేది. నేను ఎప్పుడు బయటికి వచ్చినా "ఏ ఆఫీసుకెళ్లాలమ్మా?" అని అడిగేది. ఏం చెప్పను? స్టేషన్‌కెళ్తే ఫైల్ కోర్టులో ఉందంటారు, కోర్టులో అడిగితే స్టేషన్ నుంచి రావాలంటారు.

చివరికి బెయిల్ వచ్చింది. ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. ఆస్తి కాగితం ఉన్నవాడు క్లీనర్‌కి జామీను ఎందుకుంటాడు? ఆ తల్లే ఎవరినో బతిమాలి తెచ్చింది. రిలీజ్ ఆర్డర్ జైలుకి వెళ్లింది, రెండో రోజే తిరిగొచ్చింది. ఎఫ్‌ఐఆర్‌లో తండ్రి పేరు ఒకలా, రిమాండ్ వారంటులో ఇంకోలా ఉందట. దిద్దించేలోపు సెలవులు వచ్చాయి. వాడు లోపలే ఉన్నాడు. తర్వాత కేసు కొట్టేశారు, సాక్షి వాడిని గుర్తుపట్టలేదు. శిరీషా, అక్కడ ఎవరిని అడిగినా తమ పని తాము సరిగ్గానే చేశామనే అనేవారు. జైలు వాళ్లు పేరు కలవనిదే వదలకూడదు, నిజమే. ఎస్సై బందోబస్తుకి వెళ్లాల్సిందే, అదీ నిజమే. ఆ ఆఫీసుల మధ్య ఖాళీలో ఒక మనిషి ఉన్నాడని మాత్రం ఎవరూ లేచి చెప్పలేదు. ఆ కుర్చీలో నుంచి చెప్పగలిగింది ఏపీపీనే. ఇప్పుడు అక్కడ కూర్చోబోయేది నువ్వు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 2022 లెక్కల ప్రకారం దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. ఇప్పుడు కొన్ని దారులైతే ఉన్నాయి. బెయిల్ పిటిషన్లు మామూలుగా రెండు వారాల్లో తేల్చాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. బెయిల్ వచ్చి 7 రోజులైనా బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ డీఎల్‌ఎస్‌ఏ (జిల్లా న్యాయ సేవాధికార సంస్థ) కార్యదర్శికి తెలపాలని 2023 జనవరిలో మళ్లీ చెప్పింది. 2024 జూలై 1న సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లో 479 సెక్షన్ బాగా చదువు. వేరే కేసులు లేకుండా, అంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాడు, యావజ్జీవం, మరణశిక్ష పడే నేరం కాకపోతే, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపేసరికి బెయిల్‌కి అర్హుడు. కాగితం మీద ఇంత బాగుంది. ఆ కాగితాన్ని కదిలించే మనిషి లేకపోతే మళ్లీ ఆ క్లీనర్ కథే.

సీడీ రాలేదని టైమ్ అడగాల్సి వస్తే, అడిగే ముందు నువ్వే ఎస్సైకి ఫోన్ చెయ్యి. రిమాండ్ రోజునే పేరు, తండ్రి పేరు, వయసు అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయో లేదో చూడమను. తీవ్రత లేని కేసుల్లో అలవాటుగా బెయిల్‌కి అడ్డుపడకు. అలాగని కొట్టిన భర్త కేసులో భార్య భయపడుతుంటే గట్టిగా అడ్డుపడు, అప్పుడు వెనక్కి తగ్గితే నేనే కోప్పడతాను.

నిన్ను భయపెట్టాలని కాదురా. చిన్నప్పుడు రోడ్డు మీద దెబ్బతిన్న కుక్కపిల్లని తెచ్చి, డాక్టర్ దొరికేదాకా అన్నం ముట్టనిదానివి. ఆ పట్టు పోనివ్వకు. అన్నం మాత్రం వేళకి తిను, వాయిదాలంటూ మధ్యాహ్నం భోజనం మానేసి అల్సర్లు తెచ్చుకున్న వాళ్లను చూశాను.

పోస్టింగ్ ఏ కోర్టో తెలియగానే ఫోన్ చెయ్యి. చేరిన మొదటి వారంలోనే జైల్లో రిలీజ్ ఆర్డర్లు ఎవరు చూస్తారో, డీఎల్‌ఎస్‌ఏలో ఎవరిని కలవాలో కనుక్కో. ఆ పక్క కోర్టుల్లో నాతో పనిచేసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల నంబర్లు ఇస్తాను.

మీ పెద్దత్త