గళ్ల పువ్వు, కూకుడుగువ్వ

ప్రశ్న: ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని ఆంజేలో మా అమ్మాయి దగ్గరున్నాను. ఊరి బయట నది పక్క తడి పచ్చికలో తలవంచిన ఊదారంగు గంటల్లాంటి పువ్వులు చూశాను. రేకుల మీద గళ్లు! ఏమిటవి? దుంప తెచ్చి కుండీలో పెట్టుకోవచ్చా? మన కూకుడుగువ్వ (హూపో పిట్ట) కూడా కనిపించింది, నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీరు చూసింది ఫ్రిటిలరీ. గినీకోడి ఈకల మీది చుక్కలు గుర్తొస్తాయని ఫ్రెంచివాళ్లు దాన్ని ‘ఫ్రిటిలేర్ పెంతాద్’ అంటారు, పెంతాద్ అంటే గినీకోడే. నాకు మాత్రం చిన్న గళ్ల నేతచీర గుర్తొచ్చింది. మొదటిసారి చూసినప్పుడు బురదలో మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

ఆంజేకు ఉత్తరాన మయెన్, సార్త్ నదులు కలిసేచోట చలికాలమంతా పచ్చికలు నీట మునుగుతాయి. వరద తీశాక మిగిలే ఒండ్రే ఈ పువ్వుకు బలం. విత్తనం పడి పువ్వు పూసేసరికి ఏళ్లు పడుతుంది, అందుకే అక్కడి పువ్వు తెంపడం కూడా తప్పే. దుంప తవ్వకండి, పైగా అది విషం. విజయవాడ ఎండకు బతకదు కూడా.

విత్తనాలు రాలాక ఆలస్యంగా గడ్డి కోస్తే పువ్వు మిగులుతుంది. ఆ గడ్డిలో నేలమీదే గూడు కట్టే కార్న్‌క్రేక్ పిల్లలూ బతుకుతాయి. ఆఫ్రికా నుంచి వచ్చే ఆ పక్షి అరుపు దువ్వెన పళ్ల మీద గోరు గీసినట్టుంటుంది.

కూకుడుగువ్వ మాట నిజమే, మన దగ్గరున్న జాతే. చలికాలం ఆఫ్రికాలో గడిపి, వసంతంలో ఫ్రాన్స్‌కు చేరుతుంది. దాని గూడు కోసం ముసలి చెట్ల తొర్రలు, పాత గోడల కన్నాలు చూడండి.