టైమింగ్ బెల్ట్ ఖర్చును ఏడాది వాయిదా వేయవచ్చా?

ప్రశ్న: నేను నల్గొండ జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ని. 2014 మోడల్ రెనో డస్టర్ డీజిల్ కారును మూడేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 1,24,000 కిలోమీటర్లు తిరిగింది. టైమింగ్ బెల్ట్, దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు మార్చడానికి రూ.18,500 అవుతుందనీ, బెల్ట్ తెగితే రిపేరు రూ.90,000 దాటుతుందనీ మెకానిక్ అంటున్నారు. పాత యజమాని బెల్ట్ ఎప్పుడు మార్పించారో తెలియదు. బండి మాత్రం బాగానే నడుస్తోంది. బ్యాంకులో రూ.60,000 ఉన్నాయి, నెలకు రూ.5,000 సిప్ కడుతున్నాను. ఏడాది ఆగవచ్చా, క్రెడిట్ కార్డు ఈఎంఐలో చేయించమంటారా? బావమరిదేమో అమ్మేయమంటున్నాడు.

జవాబు: ఆగవద్దు, ఈ నెలలోనే మార్పించండి. బండి బాగా నడవడాన్ని మీరు భరోసాగా తీసుకుంటున్నారు గానీ, ఈ బెల్ట్ విషయంలో అది సాక్ష్యం కాదు. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను, ఏసీని తిప్పే బయటి బెల్ట్ అరిగితే కీచుమని అరిచి ముందే చెబుతుంది. కవరు లోపల ఉండి, ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకుని మూసుకునేలా చూసే టైమింగ్ బెల్ట్ చాలాసార్లు ఏ చప్పుడూ లేకుండానే తెగుతుంది, తెగిన క్షణంలో పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి. నా పాత కారుకు మార్పించినప్పుడు తీసేసిన బెల్ట్‌ను వెనక్కి వంచి చూస్తే పళ్ల మొదళ్లలో వెంట్రుకంత పగుళ్లు కనిపించాయి. వంచకముందు అది కొత్తదానిలాగే ఉంది.

ఇక లెక్కకు వద్దాం. మార్చాల్సిన గడువు ఎంతో మీ కారు మాన్యువల్‌లో కిలోమీటర్లలోనూ, సంవత్సరాల్లోనూ ఉంటుంది. ఏది ముందు వస్తే అదే గడువు. రబ్బరు నిలబడి ఉన్నా ముదురుతుంది కాబట్టి, ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే మీలాంటివారికి సాధారణంగా సంవత్సరాల గడువే ముందు వస్తుంది. ఐదేళ్లనుకుంటే రూ.18,500 ఖర్చు నెలకు సుమారు రూ.310, కిలోమీటరుకు 31 పైసలు. డీజిల్‌కే కిలోమీటరుకు ఐదు రూపాయలకు పైగా పెడుతున్నవారికి ఇది భారం కాదు, ఒక్కసారిగా మీద పడింది కాబట్టి భారంగా కనిపిస్తోంది. ఏడాది వాయిదా వేస్తే మీకు మిగిలేది, ఎంత ఉదారంగా లెక్కగట్టినా, రూ.3,700. ఆ మొత్తం కోసం రూ.90,000 పందెం కాస్తున్నారన్నమాట. ఆ ఏడాదిలో బెల్ట్ తెగే అవకాశం నూటికి నాలుగు దాటితే మీరు ఓడినట్టే. వయసు తెలియని బెల్ట్ మీద నేనైతే ఆ పందెం కాయను.

బీమా ఉంది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. సమగ్ర పాలసీలో సైతం అరుగుదల, యాంత్రిక వైఫల్యం మినహాయింపుల్లో ఉంటాయి. అదనపు ప్రీమియం కట్టి తీసుకునే ఇంజిన్ రక్షణ కవరు కూడా ప్రధానంగా నీళ్లు చేరడం, ఆయిల్ కారిపోవడం వంటి కారణాలకే వర్తిస్తుంది.

డబ్బును బ్యాంకులో ఉన్న రూ.60,000 నుంచే తీయండి. అత్యవసర నిధిని ముట్టుకోకూడదన్న నియమాన్ని చాలామంది మరీ పట్టుగా పాటించి, పక్కనే కార్డు మీద వడ్డీ కడుతుంటారు. కార్డు ఈఎంఐలో ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ కలుస్తాయి. ఒక వాయిదా తప్పితే జరిమానా వేరు. పొదుపు ఖాతాలో మీరు వదులుకునే వడ్డీ దీనిముందు లెక్కలోకి రాదు. సిప్‌ను ఆపకండి, నాలుగైదు నెలల్లో ఇతర ఖర్చులు తగ్గించి ఆ రూ.18,500 తిరిగి నింపండి. ఆ తర్వాత నెలకు రూ.1,000 చొప్పున కారు పేరిటే ఒక రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. టైర్లు, బ్యాటరీ, క్లచ్, బీమా ప్రీమియం కూడా ఇలాగే ఒక్కసారిగా మీద పడే ఖర్చులే.

వాటర్ పంపు ఖర్చును మిగుల్చుకుందామని చూడకండి. ఈ ఇంజిన్‌లో పంపును తిప్పేదీ ఆ బెల్టే, కనుక రేపు పంపు కారితే అదే కూలీ మళ్లీ ఇవ్వాలి. బయటి బెల్ట్‌ను కూడా ఇప్పుడే మార్పించండి. అది తెగితే పీలికలు లోపలికి చేరి కొత్త టైమింగ్ బెల్ట్‌నే దెబ్బతీసిన సందర్భాలున్నాయి.

మీ బావమరిది మాటలో న్యాయం లేకపోలేదు, కానీ ఈ ఒక్క బెల్ట్ అమ్మడానికి కారణం కాదు. ఒకటి రెండు నెలల్లో ఎలాగూ అమ్మేస్తానని నిశ్చయించుకుంటే బెల్ట్ మార్చకుండా, ఆ సంగతి కొనేవారికి దాచకుండా చెప్పి, ఆ మేరకు ధర తగ్గించండి. ఉంచుకునేటట్లయితే బిల్లు మీద తేదీతోపాటు మీటరులోని కిలోమీటర్లు కూడా రాయించి, ఆర్‌సీతో కలిపి భద్రపరచండి.